డెల్టాకు ఏ జూమ్ ముందు? కెమెరా మారేవారికి కొన్ని లెక్కలు

చిన్న భాగహారంతో మొదలుపెడదాం. 36ను లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో భాగించి, ఎదుటి వస్తువు ఉన్న దూరంతో గుణించండి. ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో ఆ దూరాన ఎంత వెడల్పు పడుతుందో తేలిపోతుంది. సెన్సర్ వెడల్పు 36 మిల్లీమీటర్లు కాబట్టి ఆ అంకె. ఎత్తు కావాలంటే 36 స్థానంలో 24 వేసుకోవాలి. మండపేట పొలిమేర దాటాక చేలగట్టున నిలబడి, 100 మీటర్ల అవతలి కొబ్బరిచెట్టుకు కెమెరా గురిపెట్టారనుకోండి. చెట్టు ఎత్తు 20 మీటర్లు. 24 మి.మీ. దగ్గర ఫ్రేమ్ ఎత్తు 100 మీటర్లు, అందులో చెట్టు అయిదో వంతు. 16 మి.మీ. దగ్గర అదే చెట్టు 13 శాతానికి కుంచించుకుపోతుంది. 100 మి.మీ. దగ్గర 83 శాతం నిండుతుంది.

డెల్టాలో ఫొటోలు తీసేవాడి కష్టసుఖాలు సగం ఈ మూడు అంకెల్లోనే ఉన్నాయి. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలి సముద్రం దాకా పరిచిన బల్లపరుపు నేల ఇది. ఇక్కడ నిలువుగా లేచేది కొబ్బరిచెట్టు, తాటిచెట్టు, గుడి గోపురం, సెల్ టవరు. కొండలున్న చోట లెక్క వేరు. 3 కిలోమీటర్ల దూరంలో 1,000 మీటర్లు పైకి లేచిన శిఖరం 24 మి.మీ. లెన్స్‌లో ఫ్రేమ్ ఎత్తులో మూడో వంతు ఉంటుంది, 16 మి.మీ.లోనూ 22 శాతం నిలుస్తుంది. వైడ్ లెన్స్ అక్కడ ఎంత నొక్కినా కొండ కొండలాగే ఉంటుంది. ఇక్కడ అదే లెన్స్ పెడితే పైన ఖాళీ ఆకాశం, కింద ఖాళీ చేను, మధ్యలో పచ్చని గీత.

లాండ్‌స్కేప్ అనగానే 16-35 కొనమనే సలహా ఆ కొండల దగ్గర పుట్టింది. కెమెరా కంపెనీ మారుతున్నవారు దాన్ని అలాగే పట్టుకుని, ఉన్న డబ్బులో పెద్ద వాటా అల్ట్రావైడ్ మీద పెట్టేసి, టెలీ జూమ్‌ను తర్వాత చూద్దామని వాయిదా వేస్తారు. గోదావరి డెల్టాకు ఈ వరస తలకిందులని నా వాదన. ముందు మధ్య జూమ్, వెంటనే టెలీ, డబ్బు మిగిలితే వైడ్. ఎందుకో అంకెలే చెబుతాయి.

ఏటి అవతలి పడవ

కపిలేశ్వరపురం వైపు వెళ్లి గౌతమి గట్టున నిలబడితే ఎదురుగా లంకలు, రేవులో పడవలు, ఇసుక తిన్నెలు. 400 మీటర్ల దూరంలో 10 మీటర్ల పడవ పోతోందనుకుందాం. 24 మి.మీ.తో ఫ్రేమ్‌లో పట్టే వెడల్పు 600 మీటర్లు. పడవకు దక్కేది అందులో 1.7 శాతం. ప్రింటులో దాన్ని వేలుపెట్టి చూపిస్తే తప్ప ఎవరికీ కనపడదు. 200 మి.మీ.తో వెడల్పు 72 మీటర్లకు తగ్గుతుంది, పడవ 14 శాతం అవుతుంది. 400 మి.మీ.తో 28 శాతం. నడిచి దగ్గరకు వెళ్దామంటే మధ్యలో ఉన్నది ఏరు. 'కాళ్లే జూమ్' అనే పాత మాట కాలిబాట ఉన్నచోట చెల్లుతుంది. కాలువలు, బోదెలు, దమ్ము చేసిన మళ్లు అడ్డంపడే నేల మీద అది సగం చెల్లని మాట.

సూర్యుడిది ఇంకా మొండి లెక్క. ఆకాశంలో సూర్యబింబం వెడల్పు సుమారు 0.53 డిగ్రీలు. సెన్సర్ మీద దాని సైజు ఫోకల్ లెంగ్త్‌లో దాదాపు 108వ వంతు. అంటే 24 మి.మీ.తో 0.22 మి.మీ., ఫ్రేమ్ ఎత్తులో ఒక్క శాతం కూడా కాదు. 200 మి.మీ.తో 1.85 మి.మీ., దాదాపు 8 శాతం. 400తో 15 శాతం. కొబ్బరి మట్టల వెనక ఎర్రటి పెద్ద బింబం ఉన్న ఫొటోలు టెలీతో వచ్చినవే. అందులో దూరానికీ వాటా ఉంది. 8 మీటర్ల వెడల్పున్న కొబ్బరి తల, సూర్యుడు ఒకే సైజులో కనిపించాలంటే చెట్టుకు మీరు సుమారు 865 మీటర్ల దూరంలో ఉండాలి. అడ్డం లేకుండా అంత దూరం చూపు సాగే చోటు కొండ ప్రాంతంలో వెతుక్కోవాలి. దాళ్వా నాట్లు పడిన చేల మీద అది ఏ వైపు తిరిగినా దొరుకుతుంది. ఈ నేల మనకిచ్చిన లాభం అదే, దాన్ని వాడుకునే పనిముట్టు టెలీ.

సూర్యుడు తన వెడల్పంత దూరం జరగడానికి రెండు నిమిషాలకు కాస్త ఎక్కువ పడుతుంది. బింబం సరిగ్గా మట్టల వెనక ఉండే వ్యవధి అంతే. ఆ లోపల లెన్సులు మార్చుకుంటూ కూర్చోలేం. ఫిక్స్‌డ్ లెన్సులు మరింత పదునుగా ఉంటాయన్నది నిజమే అయినా ఇలాంటి చోట జూమ్‌కే నా ఓటు. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. టెలీతో సూర్యుణ్ని తీయడం దిగంతానికి అంటుకుని, ఎర్రగా, కాంతి మందగించిన వేళల్లోనే. ఎండెక్కాక అదే పని చేస్తే సెన్సర్ దెబ్బతింటుంది. డీఎస్‌ఎల్‌ఆర్ అయితే కంటికే ముప్పు.

ప్రభల తీర్థం దగ్గర రెండు చోట్లు

కనుమ నాడు కోనసీమలోని జగ్గన్నతోటకు ఏకాదశ రుద్రుల ప్రభలు (రంగురంగుల ఎత్తయిన వెదురు చట్రాలు) చుట్టుపక్కల ఊళ్ల నుంచి చేల మీదుగా, కౌశిక కాలువ దాటుకుంటూ వస్తాయి. 2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీ కర్తవ్యపథ్‌లో ఆంధ్రప్రదేశ్ శకటంగా నడిచింది ఈ ఉత్సవమే. లాండ్‌స్కేప్ ఫొటోగ్రాఫర్‌కు ఇది పండగే: పచ్చని నేల, పైన రంగుల ప్రభలు, నీళ్లు. ఒకదాని వెనక ఒకటిగా వస్తున్న రెండు ప్రభల మధ్య 50 మీటర్ల ఎడం ఉందనీ, రెండూ 8 మీటర్ల ఎత్తనీ లెక్క కోసం అనుకుందాం.

మొదటి ప్రభకు 25 మీటర్ల దూరంలో నిలబడ్డారు. రెండోది మీకు 75 మీటర్లలో ఉంది, కాబట్టి ఫొటోలో మొదటిదానిలో మూడో వంతే కనిపిస్తుంది. వెనక్కి నడిచి 150 మీటర్ల దూరానికి వెళ్లారు. ఇప్పుడు రెండోది 200 మీటర్లలో ఉంది, మొదటిదానిలో నాలుగింట మూడు వంతులు కనిపిస్తుంది. ప్రభలు వరసకట్టి, ఒకదాన్నొకటి తోసుకొస్తున్నట్టు కనిపించే బొమ్మ ఈ రెండో చోట పుడుతుంది. దీన్ని టెలీ మాయ అంటారు గాని, మాయంతా నిలబడ్డ చోటుదే. లెన్స్ చేసేది ఆ చోటికి తగ్గట్టు అంచులు కత్తిరించడమే. మొదటి ప్రభ ఫ్రేమ్ ఎత్తులో మూడో వంతు ఉండాలంటే 25 మీటర్ల దగ్గర 25 మి.మీ. కావాలి, 150 మీటర్ల దగ్గర 150 మి.మీ. కావాలి. ముందు చోటు, తర్వాత ఫోకల్ లెంగ్త్. మధ్య జూమ్ 105 దగ్గరో, 120 దగ్గరో ఆగిపోతుంది. 70-200 ఉంటే ఆ రెండో చోటు మీది. చేలల్లో నిలబడతారు కాబట్టి జనం భుజాలు అడ్డురావన్నది అదనపు లాభం.

టెలీకి పరిమితులూ ఉన్నాయి. 200 మి.మీ., ఎఫ్/8 దగ్గర అనంతం దాకా స్పష్టంగా రావాలంటే ఫోకస్ 167 మీటర్ల దగ్గర పెట్టాలి. 83 మీటర్ల కంటే దగ్గరున్నవి మసకబారతాయి. ముందుభాగంలో గడ్డిపరకలు కూడా పదునుగా కావాలనుకుంటే ఆ లెన్స్ తీసి సంచిలో పెట్టుకోవాల్సిందే. ఇక వేసవిలో ఉదయం 9 దాటాక కిలోమీటరు అవతలి దృశ్యం వేడిగాలికి వణుకుతుంది. ఎంత ఖరీదైన లెన్స్ పెట్టినా ఆ వణుకును కూడా నిజాయతీగా ఫొటో తీస్తుంది. టెలీకి ఇక్కడ మంచి రుతువు పుష్య, మాఘాల పొగమంచు. వరస వరసకూ పలచబడుతూ పోయే చెట్లను విడదీసి చూపేది అదే.

వైడ్ పనికిరాదని నేననడం లేదు. 16 మి.మీ., ఎఫ్/8 దగ్గర ఫోకస్ 1.07 మీటర్ల మీద పెడితే అర మీటరు నుంచి అనంతం దాకా అంతా స్పష్టం. కాళ్ల దగ్గరే విషయం ఉన్నప్పుడు, అంటే పడవ ముక్కు, నెర్రెలిచ్చిన మడి, రేవు మెట్లు ఉన్నప్పుడు దానికి సాటి లేదు. వెనక్కి జరగడానికి చోటు లేనప్పుడూ అంతే. కోరంగి మడ అడవిలో చెక్క వంతెన మీద నడుస్తూ తీయాలన్నా, ద్రాక్షారామం ప్రాకారం పక్కన నిలబడి గోపురాన్ని మొత్తం పట్టాలన్నా 97 డిగ్రీల చూపు ఉన్న 16 మి.మీ. అక్కరకొస్తుంది. ఎన్నిసార్లు అక్కరకొస్తుందన్నదే ప్రశ్న.

దానికో చవక ప్రత్యామ్నాయం ఉంది. 24 మి.మీ. లెన్స్‌తో కెమెరాను నిలువుగా పట్టుకుంటే అడ్డంగా 53 డిగ్రీలు పడుతుంది. మూడో వంతు ఒకదానిమీద ఒకటి పడేలా మూడు ఫొటోలు తీసి కంప్యూటర్లో అతికిస్తే సుమారు 124 డిగ్రీలు. 14 మి.మీ. లెన్స్ చూపే 104 డిగ్రీల కంటే ఎక్కువ. కదిలే పడవలు, అలలు ఉన్నచోట అతుకు కుదరదు. నిశ్చలమైన కాలువకు, కోతలయ్యాక కుప్పలున్న చేలకు పూర్తిగా కుదురుతుంది. పెళ్లి ఆల్బమ్‌లో 12×36 అంగుళాల జంటపేజీ నిండాలంటే 300 డీపీఐ లెక్కన 39 మెగాపిక్సెళ్లు కావాలి. 24 మెగాపిక్సెళ్ల కెమెరా ఒక్క క్లిక్‌లో ఇవ్వలేనిది నాలుగు నిలువు క్లిక్కుల్లో ఇస్తుంది.

చిన్న సెన్సర్ నుంచి వస్తున్నవారికి

మన దగ్గర చాలామంది ఫుల్ ఫ్రేమ్‌కు కొత్తగా వస్తున్నవారే. చేతిలో ఉన్నది 18-55, 55-250 జంటతో వచ్చిన కెనాన్ కిట్టో, 18-140తో వచ్చిన నికానో. కెనాన్ చిన్న సెన్సర్ లెక్క 1.6 రెట్లు. అంటే ఆ రెండు లెన్సులూ ఫుల్ ఫ్రేమ్ భాషలో 29-88, 88-400. నికాన్, సోనీ, ఫూజీల లెక్క 1.5 రెట్లు, 18-140 అంటే 27-210. నికాన్‌లో 70-300 వాడినవారికి అలవాటైన చూపు 105-450.

అక్కడి నుంచి ఫుల్ ఫ్రేమ్‌కు వచ్చి 24-105, 70-200 కొన్నవారు మొదటి నెలలోనే గొణుగుతారు: ఇంత డబ్బు పోశాం, పడవ దగ్గరకే రావడం లేదని. లెన్స్ తప్పేమీ లేదు. 200 నుంచి 400 దాకా ఉన్న చూపును వాళ్లే అమ్మేశారు. కత్తిరించుకుందామంటే 24 మెగాపిక్సెళ్ల ఫొటోను 200 నుంచి 300కు కత్తిరిస్తే మిగిలేది 10.7 మెగాపిక్సెళ్లు, 400కు కత్తిరిస్తే 6. ఏ4 సైజు ప్రింటుకు 300 డీపీఐ దగ్గర 8.7 కావాలి. 45 మెగాపిక్సెళ్ల బాడీ అయితే 400కు కత్తిరించినా 11 మిగులుతాయి. లెన్స్ కొనే డబ్బులో కొంత బాడీ మీద పెట్టడం అర్థవంతం అనిపించే ఒకే ఒక చోటు ఇది.

ఇలాంటివారికి 70-200 కంటే చవకైన, కాస్త చీకటి లెన్సులే మేలు. కెనాన్ ఆర్‌ఎఫ్ 100-400 ఎఫ్/5.6-8 (2021) బరువు 635 గ్రాములే. సోనీకి 2020లో టామ్రాన్ తెచ్చిన 70-300 బరువు 545 గ్రాములు. ఎఫ్/8 అంటే మొహం చిట్లించేవారుంటారు. ట్రైపాడ్ మీద పెట్టి ఎఫ్/8 దగ్గరే తీసేవాడికి ఎఫ్/8 లెన్స్ లోపం ఏమిటో నాకర్థం కాదు.

అసలు ఫుల్ ఫ్రేమ్ అవసరమా అన్నదీ అడగదగ్గ ప్రశ్నే. ఫూజీ 10-24 ఎఫ్/4 (2020 నాటి కొత్తది 385 గ్రాములు), 16-80 ఎఫ్/4 (440), 70-300 (580) కలిపితే 1,405 గ్రాములు. ఫుల్ ఫ్రేమ్ లెక్కలో అది 15 నుంచి 450 దాకా. అంత మేర అంత తక్కువ బరువులో ఫుల్ ఫ్రేమ్‌లో దొరకడం కష్టం.

ఎఫ్/2.8 ఎవరికి?

లాండ్‌స్కేప్‌కు లెన్స్‌ను దాదాపు ఎప్పుడూ ఎఫ్/8, ఎఫ్/11 దగ్గరే వాడతాం. అంతకంటే మూస్తే కాంతి వంగి చుక్కలు వ్యాపిస్తాయి: ఎఫ్/8 దగ్గర ఆ చుక్క వ్యాసం సుమారు 10.7 మైక్రాన్లు, ఎఫ్/16 దగ్గర 21.5. 24 మెగాపిక్సెళ్ల ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ మీద ఒక్కో పిక్సెల్ వెడల్పు 6 మైక్రాన్లు. ఎఫ్/16లో ఒక చుక్క మూడున్నర పిక్సెళ్ల మీద పరుచుకుంటుంది. ఎఫ్/8 దగ్గర తీసేవాడు ఎఫ్/2.8 కోసం పెట్టిన డబ్బు సంచిలో బరువుగా మిగులుతుంది. కెనాన్ ఆర్‌ఎఫ్‌లో ఎఫ్/2.8 జూమ్‌లు మూడూ (15-35, 24-70, 70-200) కలిసి 2,810 గ్రాములు. ఎఫ్/4 మూడూ (14-35, 24-105, 70-200) 1,935. తేడా 875 గ్రాములు.

కాని మన ఊళ్లలో కెమెరాతో బతికేవాడు చేలల్లో సంపాదించడు, కల్యాణ మండపంలో సంపాదిస్తాడు. తెల్లవారుజాము మూడింటి ముహూర్తానికి, ఫ్లాష్ వద్దని పంతులుగారు విసుక్కుంటున్నప్పుడు, ఎఫ్/2.8 ఎఫ్/4 కంటే రెట్టింపు కాంతినిస్తుంది. ఐఎస్‌ఓ 6400 బదులు 3200తో సరిపెట్టుకోవచ్చు. అలాంటివారు మధ్య జూమ్ ఒక్కటి ఎఫ్/2.8 తీసుకుని, అది తన ఖర్చు తాను రాబట్టుకుంటుందని లెక్క రాసుకోవచ్చు. సరదాకు తీసే టెలీ, వైడ్ రెండూ ఎఫ్/4 చాలు. మూడూ ఎఫ్/2.8 ఉండాలన్నది కంపెనీలు నేర్పిన పట్టింపు.

ఏది ఉంచుకోవాలి, ఏది అమ్మాలి

నికాన్ ఎఫ్ మౌంట్ 1959 నాటిది, కెనాన్ ఈఎఫ్ 1987 నాటిది. అద్దానికి చోటు కావాలి కాబట్టి వాటిలో లెన్స్‌కు, సెన్సర్‌కు మధ్య దూరం ఎక్కువ: నికాన్‌కు 46.5 మి.మీ., కెనాన్‌కు 44. సోనీ 2013లో ఏ7తో ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ దారి తెరిచింది. 2018లో నికాన్ జెడ్, కెనాన్ ఆర్‌ఎఫ్ వచ్చాయి. అద్దం పోయింది కాబట్టి దూరం కుదించారు. సోనీకి 18 మి.మీ., కెనాన్ ఆర్‌ఎఫ్‌కు 20, నికాన్ జెడ్‌కు 16. పాత దూరంలోంచి కొత్త దూరం తీసేస్తే వచ్చేదే అడాప్టర్ మందం. ఈఎఫ్ నుంచి ఆర్‌ఎఫ్‌కు 24 మి.మీ., నికాన్‌కు 30.5.

అదే కంపెనీలో మారేవారికి తొందరేమీ లేదు. కెనాన్ అడాప్టర్‌తో ఈఎఫ్ లెన్సులు పాత బాడీ మీద ఎలా పనిచేశాయో అలాగే పనిచేస్తాయి. అదే అడాప్టర్‌లో ఫిల్టర్ దూర్చుకునే రకం కూడా ఉంది. ముందుభాగం ఉబ్బెత్తుగా ఉండి ఫిల్టర్ పట్టని పాత వైడ్ లెన్సులకు అది వరం. నికాన్ ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లో మోటార్ లేదు, కాబట్టి పాత 'డి' రకం లెన్సులకు ఆటోఫోకస్ ఉండదు. పెళ్లిలో అది పెద్ద లోటు. చేలో మాత్రం వ్యూఫైండర్‌లో బొమ్మ పెద్దది చేసుకుని చేత్తో ఫోకస్ చేయడం ఎటూ మంచిదే.

కంపెనీ మారితే లెక్క మారుతుంది. ఈఎఫ్ మౌంట్‌కు తాను చేసిన లెన్సులను సోనీకి తగిలించడానికి సిగ్మా 2016లో ఎంసీ-11 అడాప్టర్ తెచ్చింది. నికాన్ 'జి' లెన్సులకు అపర్చర్ రింగ్ లేదు, 'ఇ' లెన్సులకు అపర్చర్ కరెంటుతో నడుస్తుంది. సాదా అడాప్టర్ వేసుకుంటే ఎఫ్/8 పెట్టుకోవడమే గండం. అందుకే నికాన్ నుంచి బయటికి వెళ్లేవారు లెన్సులు అమ్మేసి వెళ్లడమే నయం. నికాన్ జెడ్‌లోకి వచ్చేవారికి మాత్రం వింత వెసులుబాటు ఉంది: 18లోంచి 16 పోగా మిగిలిన 2 మి.మీ.ల సందులో ఇమిడే అడాప్టర్లు ఉన్నాయి, సోనీ లెన్సులు వాటితో జెడ్ బాడీకి ఎక్కుతాయి. చేతి అలవాటు సంగతి కూడా మరిచిపోకండి. కెనాన్, నికాన్ జూమ్ రింగులు ఎదురెదురుగా తిరుగుతాయి, లెన్స్ బిగించే దిశ కూడా తిరగబడుతుంది. మొదటి పెళ్లికి ముందు నాలుగు రోజులు చేలల్లో సాధన చేసుకోవడం మంచిది.

బరువు తగ్గుతుందని మారేవారు ఈ లెక్క చూడండి. నికాన్ పాత ఎఫ్/4 జూమ్‌లు 16-35, 24-120, 70-200 కలిసి 2,240 గ్రాములు. జెడ్‌లో 14-30 (485), 24-120 (630), 2023 నాటి 70-180 ఎఫ్/2.8 (795) కలిసి 1,910. మూడు వందల పైచిలుకు గ్రాములు దిగాయి, టెలీకి ఒక స్టాప్ కాంతి కూడా పెరిగింది. కెనాన్‌లో ఈఎఫ్ 16-35 ఎఫ్/4, మొదటి తరం 24-105, మొదటి తరం 70-200 ఎఫ్/4 ఐఎస్ కలిసి 2,045. ఆర్‌ఎఫ్‌లో 1,935. ఆదా 110 గ్రాములు, సరిగ్గా అడాప్టర్ బరువంత. సోనీలో పవర్ జూమ్ 16-35 (353), 24-105 (663), 2023 నాటి 70-200 మాక్రో (794) కలిసి 1,810. అక్కడే ఇంకో దారి ఉంది: అదే ఏడు వచ్చిన 20-70 ఎఫ్/4 (488), ఈ 70-200, రెండే లెన్సులు, 1,282 గ్రాములు. 20 మి.మీ. అంటే 84 డిగ్రీల చూపు. డెల్టాలో వైడ్‌తో పడే పనిలో ఎక్కువ భాగం దానితోనే తీరిపోతుంది. కంపెనీల మీద నాకు పక్షపాతం లేదుగాని, ఈ నేలకు ఈ జంట చక్కగా అమరింది.

ఫిల్టర్లున్నవారు వ్యాసం కూడా చూసుకోవాలి. నాట్లు పడిన మడిలో నీటి మీది మెరుపును తొలగించడానికి పోలరైజర్ తప్పనిసరి, మంచిది కొంటే ఖరీదే. కెనాన్ ఆర్‌ఎఫ్ ఎఫ్/4 మూడింటికీ 77 మి.మీ. సోనీలో పైన చెప్పిన 20-70, 70-200, పవర్ జూమ్ 16-35 మూడింటికీ 72. నికాన్‌లో 82, 77, 67 మూడు రకాలు. పెద్దది ఒకటి కొని మిగతావాటికి స్టెప్-అప్ రింగులు వేసుకోవాలి. 16 మి.మీ. మీద మాత్రం పోలరైజర్ వాడకండి. అంత వెడల్పు ఆకాశంలో ఒకచోట నీలం, ఒకచోట తెలుపు పట్టీలు పడతాయి.

ఉక్కపోత, ఊక

ఇవి లెన్స్ బ్రోషర్లలో ఉండవు. గాలిలో తేమ 60 శాతం దాటి నిలిచిపోతే గాజు మీద ఫంగస్ పట్టడానికి అదను. వానాకాలంలో మన ఇళ్లలో అది మామూలే. లెన్సులను 40-50 శాతం తేమలో ఉంచాలి. డ్రై క్యాబినెట్ కొనలేకపోతే గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, తేమ చూపే చిన్న మీటరు చాలు.

ఏసీ గదిలోంచి తెల్లవారుజామున బయటికి తీసిన లెన్స్ మసకేయడానికీ లెక్క ఉంది. బయట 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉంటే ఆవిరి నీరయ్యే హద్దు సుమారు 26 డిగ్రీలు. 23 డిగ్రీల గదిలో రాత్రంతా చల్లబడిన గాజు ఆ హద్దుకు దిగువన ఉంది, కాబట్టి బయటికి రాగానే చెమరుస్తుంది. సంచి జిప్పు తీయకుండా బయట అరగంటైనా ఉంచితే సర్దుకుంటుంది. సూర్యోదయానికి తీసే రోజున ఏసీ లేని గదిలో పెట్టుకుంటే ఆ గొడవే ఉండదు.

మండపేట రైసుమిల్లుల ఊరు. మిల్లు పరిసరాల్లో ఊక ధూళి, అంతర్వేది, ఓడలరేవు వైపు వెళ్తే ఉప్పుగాలి. జూమ్ తిప్పినప్పుడు గొట్టం బయటికి సాగే లెన్సులు సైకిల్ పంపులా ఆ గాలిని లోపలికి లాగుతాయి. ఆర్‌ఎఫ్ 70-200 ఎఫ్/4, సోనీ 70-200 మాక్రో ఇలా సాగేవే. చిన్నవిగా ఉండటానికి కారణం కూడా అదే. పాత ఈఎఫ్, నికాన్ 70-200 ఎఫ్/4లు సాగవు, పొడవు ఎప్పుడూ ఒకటే. సముద్రం ఒడ్డున తీసేవారు పాత 70-200ను అడాప్టర్ మీదే కొనసాగించడానికి ఇదొక్క కారణం చాలు.

కొనేముందు మీ హార్డ్‌డిస్క్‌ను అడగండి. లైట్‌రూమ్‌లో మెటాడేటా ఫిల్టర్ తెరిస్తే ఏ ఫోకల్ లెంగ్త్‌లో ఎన్ని ఫొటోలున్నాయో కనిపిస్తుంది. తీసినవన్నీ కాక, ప్రింటు వేయించుకున్నవో, నాలుగు స్టార్ల రేటింగ్ పెట్టుకున్నవో మాత్రమే లెక్కించండి. చిన్న సెన్సర్‌వైతే 1.5తోనో, 1.6తోనో గుణించండి. జూమ్ చిట్టచివరి అంకె దగ్గర ఫొటోలు కుప్పపడి ఉంటే అక్కడ మీకు లెన్స్ చాలలేదన్నమాట. పొడుగు చివర కుప్ప ఉంటే టెలీ, వైడ్ చివర కుప్ప ఉంటే అప్పుడు వైడ్. నా వాదన కంటే ఆ కుప్పకే ఎక్కువ విలువివ్వండి.

పాత లెన్సులు హైదరాబాద్ కోఠీలోనో, తెలిసిన స్టూడియోవారి దగ్గరో చూస్తున్నప్పుడు ఫోన్ టార్చి వెనక నుంచి వేసి, ముందు నుంచి ఏటవాలుగా చూడండి. సాలెగూడు దారాల్లాంటివి కనిపిస్తే అది ఫంగస్, బేరం అక్కడితో ఆపేయండి. టైల్స్ గోడకు సమాంతరంగా కెమెరా పెట్టి ఎఫ్/4లో ఒక ఫొటో తీసి నాలుగు మూలలూ పోల్చండి. ఒక మూలే మసకగా ఉంటే లోపల గాజు పక్కకు జరిగింది. లెన్స్‌ను కిందికి వంచినప్పుడు గొట్టం దానంతటదే జారకూడదు. డీఎస్‌ఎల్‌ఆర్ కాలపు కెనాన్, నికాన్ 70-200 ఎఫ్/4 అయితే ట్రైపాడ్ కాలర్ ధరలో కలిసిందో లేదో ముందే అడగండి. కంపెనీలు దాన్ని విడిగా అమ్మాయి, చాలామంది కొనలేదు.